వెంట్రుకవాసి గీత: ఒక అచ్చు అక్షరం చరిత్ర

'వోగ్' అనే ఫ్యాషన్ పత్రిక అట్టమీద ఆ పత్రిక పేరు అచ్చయ్యే తీరును చాలామంది పాఠకులు చూచే ఉంటారు. 2007లో వెలువడటం ప్రారంభించిన భారతదేశపు ప్రతిలోనూ అదే తీరు. మొదటి అక్షరంలో ఎడమవైపు గీత వేలెడు లావు. దానికి జతగా కుడివైపున ఉన్న గీత దారపు పోగంత సన్నం. ఆ గీతల కొసలలో అంతే సన్నని అడ్డగీతలు బల్లపరుపుగా నిలిచి ఉంటాయి. ఇంగ్లీషు అచ్చు అక్షరాల కొసలలో కనిపించే ఇటువంటి అడ్డగీతలను సెరిఫులు అంటారు. లావుగీతకూ సన్నగీతకూ ఇంత తేడా ఉండటం, సెరిఫు ఏ ఒంపూ లేకుండా నిటారు గీతకు లంబంగా అతుక్కొని ఉండటం, ఈ రెండూ ఈ శైలికి ముఖ్య లక్షణాలు. నగల పెట్టెల మీద, అత్తరు సీసాల మీద, సంగీత కచేరీల ప్రకటనలలో ఈ అక్షరాలనే ఎన్నుకోవటం పరిపాటి. చూడగానే ఒక హుందాతనం, ఒక నాజూకుతనం వీటిలో కనిపిస్తుంది.

ఈ శైలికి 'దిదోన్' అని పేరు. పారిస్ నగరంలోని దిదో కుటుంబం, ఇటలీలోని పార్మాలో పనిచేసిన బొదోనీ, ఈ ఇద్దరి పేర్లనూ కలిపి 1954లో మాక్సిమిలియన్ వోక్స్ అనే ఫ్రెంచి నిపుణుడు ఈ మాటను కల్పించినాడు. మాట కొత్తదే అయినా అక్షరం పాతది. అది 18వ శతాబ్దం చివరి భాగంలో పుట్టినది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. యూరపులో పోత అక్షరాలతో అచ్చువేయటం 1450 ప్రాంతంలోనే ప్రారంభమైనది. అందంగా అక్షరాలు చెక్కగల పనివారు ఆనాటి నుంచీ ఉన్నారు. మరి ఈ సన్నగీత అచ్చులోకి రావటానికి మూడు వందల ఏళ్ళకు పైగా ఎందుకు పట్టినది? అంతకుముందు ఎవరికీ ఆ ఊహ రాలేదా? ఊహ రావటం ఒక్కటే చాలదు. ఆ గీత నిలబడటానికి తగిన కాగితం, సిరా, ప్రెస్సు ముందుగా తయారు కావలసి వచ్చినది. ఈ అక్షరం చరిత్ర అంటే చాలావరకు ఆ మూడింటి చరిత్రే.

పనిముట్టును బట్టి గీత

అక్షరం రూపాన్ని మొదట నిర్ణయించేది వ్రాత పనిముట్టు. మన పూర్వులు తాటాకు మీద ఇనుప గంటంతో వ్రాసినారు. గంటం మొన ఏ దిక్కుకు తిరిగినా ఆకు మీద పడే గాటు ఒకే మందంగా ఉంటుంది. అందువల్ల తాటాకు ప్రతులలో లావుగీత, సన్నగీత అనే భేదం కనిపించదు. యూరపులోని లేఖకులు పక్షి ఈకను చెక్కి, కొసను వెడల్పుగా కత్తిరించి వ్రాసేవారు. అటువంటి కలాన్ని ఒక దిక్కుకు లాగితే లావుగీత, మరొక దిక్కుకు జరిపితే సన్నగీత వస్తుంది. 15వ శతాబ్దంలో ఇటలీ ముద్రాపకులు పోతపోసిన అక్షరాలు ఈ వ్రాతకు నకళ్ళు. వాటిలో తేడా ఉన్నది గాని మితంగా ఉన్నది. సన్నగీత కూడా ఓ మోస్తరు లావుగానే ఉంటుంది.

తరువాతి కాలంలో మొన సూటిగా ఉండి, ఒత్తితే రెండు పాయలుగా విచ్చుకొనే కలం వాడుకలోకి వచ్చినది. సిరాబుడ్డిలో ముంచి వ్రాసే ఉక్కు పాళీతో దస్తూరి దిద్దిన తరం వారికి దీని స్వభావం బాగా తెలుసు. క్రిందికి లాగేటప్పుడు ఒత్తితే గీత లావవుతుంది; పైకి పోయేటప్పుడు చెయ్యి తేలిక చేస్తే వెంట్రుకంత గీత వస్తుంది. ఈ దస్తూరిని పుస్తకాలుగా వెలువరించాలనుకొన్న గురువులు దానిని రాగిరేకుల మీద చెక్కించినారు. రాగిరేకు మీద అక్షరం గాడిగా ఉంటుంది. ఆ గాడిలో సిరా నింపి, తడికాగితాన్ని దానిమీద రోలర్ల మధ్య గట్టిగా ఒత్తితే గాడిలోని సిరా కాగితానికి అంటుకొంటుంది. గాడిని ఎంత సన్నంగా చెక్కితే అంత సన్నని గీత వస్తుంది.

పుస్తకాలు అచ్చువేసే పోత అక్షరం దీనికి పూర్తిగా విరుద్ధం. అందులో గీత గాడి కాదు, గట్టు. సన్నని కాలువ త్రవ్వటం సులభం. సన్నని గోడ కట్టి నిలబెట్టటం కష్టం. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

పోత అక్షరం పుట్టే విధం

ఆ కాలపు పోత అక్షరం తయారీ మూడు దశలుగా జరిగేది. మొదట ఒక ఉక్కు కడ్డీ కొసమీద అక్షరాన్ని తిరగవేసి చెక్కి, ఆకురాయితో సానబట్టి, కాల్చి గట్టిపరిచేవారు. దీనిని పంచి అంటారు. పంచిని రాగి ముక్కమీద సుత్తితో కొడితే అక్షరం గుంటగా పడి మూస తయారయ్యేది. ఆ మూసను చేతి అచ్చులో అమర్చి, కరిగించిన లోహాన్ని పోస్తే ఒక్కొక్క అక్షరం దిమ్మెగా బయటికి వచ్చేది. ఆ లోహం సీసం, తగరం, ఆంటిమొనీ కలిసిన మిశ్రమం. సీసం త్వరగా కరుగుతుంది గాని మెత్తన. ఆంటిమొనీ దానికి గట్టితనం ఇస్తుంది. ఎంత గట్టితనం ఇచ్చినా వెంట్రుకంత గట్టు వేలసార్లు ఒత్తిడికి లోనైతే నలుగుతుంది, విరుగుతుంది.

కాగితం మరొక అడ్డంకి. చేతితో కాగితం చేసే జల్లెడలో తీగలు ఒకదాని ప్రక్కన ఒకటి వరుసగా పరచి ఉండేవి. ఆ తీగల గుర్తులు కాగితం మీద గట్లుగా, పల్లాలుగా మిగిలేవి. పల్లంలోకి కూడా సిరా చేరాలంటే కాగితాన్ని తడిపి మెత్తబరచి, ప్రెస్సును బలంగా లాగవలసి వచ్చేది. అప్పుడు అక్షరం కాగితంలోకి దిగబడి, గీతకు ఇరుప్రక్కలా సిరా చిమ్మేది. పనివాడు పంచి మీద ఎంత సన్నగీత చెక్కినా కాగితం మీద అది ఉబ్బి లావయ్యేది. ఉబ్బే గీత కోసం కన్ను పోగొట్టుకొని చెక్కటం ఎందుకని నాటి పనివారు మానుకొన్నారు. అది వారి అజ్ఞానం కాదు, అనుభవం.

అకాడమీ గీచిన అక్షరం

అక్షరాన్ని కలం అలవాటు నుంచి విడదీసి లెక్క ప్రకారం నిర్మించాలనే ప్రయత్నం ఫ్రాన్సులో జరిగినది. 1692లో 14వ లూయీ రాజు ముద్రణాలయానికి కొత్త అక్షరాలు కావలసి వచ్చినవి. వాటి రూపకల్పన విజ్ఞానశాస్త్ర అకాడమీకి సంబంధించిన పండితుల సంఘానికి అప్పగించబడినది. వారు ప్రతి అక్షరాన్నీ ఒక చదరంలో ఇమిడ్చి, ఆ చదరాన్ని 2304 చిన్న గళ్ళుగా విభజించి, రూళ్ళకర్రతో, వృత్తలేఖినితో రేఖలు గీచినారు. ఆ పటాలను రాగిరేకుల మీద చెక్కించినారు. వాటిని ఆధారం చేసుకొని ఫిలిప్ గ్రాంజా అనే పనివాడు పంచిలు చెక్కినాడు. అయితే అతడు గళ్ళ లెక్కను గుడ్డిగా అనుసరించలేదు. చేతి అనుభవం చెప్పినచోట సవరించుకొన్నాడు. ఆ అక్షరాలతో మొదటి గ్రంథం 1702లో వెలువడినది.

ఈ అక్షరాలలో సెరిఫు బల్లపరుపుగా, సన్నగా మారినది. అక్షరంలోని బరువు ఏటవాలును విడిచి నిటారుగా నిలిచినది. రెండు ముఖ్య లక్షణాలకూ బీజం ఇక్కడ పడినది. గీత ఇంకా సన్నబడటానికి కావలసిన కాగితం మాత్రం అప్పటికి లేదు.

బర్మింగ్‌హామ్ వర్తకుడు

ఆ కాగితాన్ని కోరి చేయించినవాడు ముద్రాపకుల కుటుంబంలో పుట్టినవాడు కాదు. జాన్ బాస్కర్‌విల్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో దస్తూరి నేర్పే గురువుగా, సమాధి రాళ్ళమీద అక్షరాలు చెక్కే పనివాడుగా బ్రతుకు ప్రారంభించినాడు. తరువాత లోహపు పళ్ళేలకు నల్లని మెరుగునూనె పూసి అమ్మే వ్యాపారంలో ధనం గడించినాడు. 1750 ప్రాంతంలో, నడివయస్సులో, ఆ ధనాన్ని అచ్చుపనిలో పెట్టినాడు.

అతడు ఒక్క అక్షరంతో సరిపెట్టుకోలేదు. అచ్చుపనిలోని ప్రతి అంగాన్నీ పట్టించుకొన్నాడు. తన దస్తూరి అలవాటు ప్రకారం గీతల తేడా పెంచి అక్షరాలు గీచినాడు. జాన్ హాండీ అనే పనివాడు వాటికి పంచిలు చెక్కినాడు. ఒత్తిడి మరీ లోతుకు దిగకుండా ప్రెస్సులోని మెత్తని పొరలను తగ్గించినాడు. మెరుగునూనెల వ్యాపారంలో గడించిన అనుభవంతో చిక్కని, నిగనిగలాడే సిరా కాచినాడు. జేమ్స్ వాట్మన్ అనే కాగితాల తయారీదారు తీగల వరుసకు బదులు సన్నని తీగలతో నేసిన జల్లెడను వాడి గీతలు లేని నున్నని కాగితం తీసినాడు. బాస్కర్‌విల్ 1757లో అచ్చువేసిన మొదటి గ్రంథం, లాటిన్ కవి వర్జిల్ కావ్యాలు, కొంతభాగం ఆ కాగితం మీదనే అచ్చయినది. అచ్చయిన కాగితాలను వేడిచేసిన రాగిపలకల మధ్య అదిమి ఇస్త్రీ చేసినట్లు నునుపు చేయటం కూడా అతని పద్ధతి.

పుస్తకం చూచి యూరపు దేశాల పండితులు మెచ్చుకొన్నారు. స్వదేశంలో మాత్రం పెదవి విరిచినారు. గీతలు మరీ సన్నంగా ఉన్నాయి, కాగితం మరీ మెరుస్తున్నది, ఈ అక్షరాలు చదివితే కళ్ళు పోతాయి అని ఒక పుకారు వ్యాపించినది.

పేరు చింపిన కాగితం

ఈ పుకారును పరీక్షకు పెట్టినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెరుపు కూడా విద్యుత్తేనని నిరూపణ మార్గం చూపిన శాస్త్రజ్ఞుడుగా ఆయన పేరు ప్రసిద్ధం. ఆయన కులవృత్తి వంటిది మాత్రం అచ్చుపని. చిన్ననాడే అన్న దగ్గర నేర్చుకొని, ఫిలడెల్ఫియాలో ముద్రణాలయం నడిపినాడు. 1760లో ఆయన లండన్‌లో ఉన్నాడు. అక్కడ ఒక పెద్దమనిషి, బాస్కర్‌విల్ అక్షరాల సన్నని గీతలు కంటికి బాధ కలిగిస్తున్నాయని, ఆ మనిషి దేశంలోని పాఠకులందరినీ గుడ్డివారిని చేస్తాడని ఆయనతో వాదించినాడు.

ఫ్రాంక్లిన్ ఎదురువాదం చేయలేదు. విలియం కాస్లన్ అనే లండన్ పనివాని అక్షరాల నమూనా కాగితం ఒకటి తీసి, దానిపైనున్న పేరును చింపివేసి, ఇది బాస్కర్‌విల్ నమూనా అని ఆ పెద్దమనిషి చేతికి ఇచ్చినాడు. అందులోని లోపాలు చూపమన్నాడు. ఆయన ఆసక్తితో ఒక్కొక్క చోటా గీతల పొందిక చెడినదని వేలుపెట్టి చూపినాడు. చదువుతుంటే అప్పుడే కళ్ళు నొప్పిపుడుతున్నాయి అన్నాడు. నిజానికి అవి ఆయన జీవితమంతా ఏ బాధా లేకుండా చదువుకొన్న అక్షరాలే. ఆయన సిగ్గుపడతాడని తలచి ఫ్రాంక్లిన్ నిజం చెప్పలేదు. జరిగినదంతా బాస్కర్‌విల్‌కు ఉత్తరంగా మాత్రం వ్రాసినాడు.

ఈనాడు మందుల గుణం పరీక్షించేటప్పుడు ఏది అసలు మందో, ఏది ఉత్తి బిళ్ళో రోగికి తెలియనివ్వరు. పేరు వినగానే మనస్సు ముందే తీర్పు చెప్పేస్తుందనేది ఈ జాగ్రత్తకు కారణం. ఫ్రాంక్లిన్ చేసినది ఆ కోవకు చెందిన పరీక్షే. ఒక్క మనిషి మీద చేసిన పరీక్షతో అక్షరం మంచిదని తేలదు. ఆ పెద్దమనిషి కంటినొప్పి గీతవల్ల కాదు, పేరువల్ల అని మాత్రం తేలినది.

బాస్కర్‌విల్‌కు ఈ పనిలో కీర్తి వచ్చినది గాని లాభం రాలేదు. 1775లో ఆయన మరణించినాడు. ఆయన పంచిలకు ఇంగ్లండులో తగిన బేరం కుదరక, భార్య వాటిని 1779లో ఫ్రెంచి నాటకకర్త బోమార్షేకు అమ్మినది. వోల్టేర్ సమగ్ర రచనలు ఆ అక్షరాలతో అచ్చయినవి. పంచిలు చేతులు మారుతూ ఫ్రాన్సులోనే ఉండిపోయి, 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయానికి కానుకగా తిరిగివచ్చినవి.

దిదో కుటుంబం

బాస్కర్‌విల్ చూపిన దారిని పారిస్‌లో దిదో వారు పట్టుకొన్నారు. వారి కుటుంబం 1713 నుంచి పుస్తకాల పనిలో ఉన్నది. రెండవతరం వాడైన ఫ్రాన్స్వా ఆంబ్రువాజ్ దిదో, అనొనే అనే ఊరిలోని జొహానో కాగితపు మిల్లు చేత నేసిన జల్లెడ కాగితాన్ని ఫ్రాన్సులో చేయించినాడు. ఆ రోజులలో కర్రప్రెస్సు ఒత్తుడు పలక చిన్నది. కాగితంలో సగానికే సరిపోయేది. ఒక్కొక్క కాగితానికి పిడిని రెండుసార్లు లాగవలసి వచ్చేది. ఒకే లాగుతో మొత్తం కాగితం మీద సమంగా ఒత్తిడి పడే ప్రెస్సులను పారిస్ ముద్రాపకులు 1780 తరువాత వాడుకలోకి తెచ్చినారు. వారిలో దిదో ఒకడు. ఒత్తిడి సమంగా పడితే దానిని తగ్గించవచ్చు. ఒత్తిడి తగ్గితే సన్నగీత బ్రతుకుతుంది.

1784లో దిదో ముద్రణాలయంలో కొత్త అక్షరాలు వెలువడినవి. తరువాత ఆయన కొడుకు ఫిర్మన్ దిదో పంచిలు చెక్కే పని చేపట్టి, సన్నగీతను అంతకన్న సన్నం చేయలేనంతగా చేసినాడు. సెరిఫు ఉత్త గీతగా మిగిలినది. మరొక కొడుకు పియేర్ దిదో ఆ అక్షరాలతో అచ్చువేసిన గ్రంథాలలో 1801 నాటి రసీన్ నాటకాల సంపుటం పేరుపొందినది.

శాస్త్రానికి కూడా దిదో వారు చేసిన మేలు ఉన్నది. అక్షరాల పరిమాణాన్ని కొలవటానికి పాయింటు అనే చిన్న కొలతను మొదట 1737లో ఫూర్నియే అనే పారిస్ పనివాడు ప్రవేశపెట్టినాడు. ఫ్రాన్స్వా ఆంబ్రువాజ్ దిదో దానిని ఫ్రాన్సు రాజ్యంలోని చట్టబద్ధమైన అడుగు కొలతకు ముడిపెట్టి, అంగుళానికి 72 పాయింట్లుగా స్థిరపరచినాడు. ఆ పాయింటు సుమారు 0.376 మిల్లీమీటరు. ఇంగ్లండు, అమెరికాలలో స్థిరపడి మన దేశపు అచ్చుకూటాలకు వచ్చిన పాయింటు కొంచెం చిన్నది, సుమారు 0.351 మిల్లీమీటరు. 'పన్నెండు పాయింటు టైపు' అని తెలుగు కంపోజిటర్లు వాడిన మాట వెనుక ఈ చరిత్ర ఉన్నది.

ఫిర్మన్ దిదో 1795లో కాలే అనే గణితజ్ఞుని లాగరిథమ్ పట్టికలను అచ్చువేసినాడు. విడి అంకెలు ఊడిపోయి తప్పులు దొర్లకుండా పుట మొత్తాన్ని ఒకే దిమ్మెగా బిగించే పద్ధతిని అందులో అవలంబించినాడు. ఒకసారి దిద్దిన తప్పు మళ్ళీ తలయెత్తదు. 'స్టీరియోటైపు' అనే మాట ఆయన కల్పించినదే.

పార్మాలోని బొదోనీ

జాంబతిస్తా బొదోనీ 1740లో ఇటలీలోని సలూజో పట్టణంలో ఒక ముద్రాపకుని ఇంట పుట్టినాడు. 18వ ఏట రోము వెళ్ళి, క్రైస్తవ మత ప్రచార సంస్థవారి ముద్రణాలయంలో చేరినాడు. ఆసియా భాషల లిపులకు పోత అక్షరాలు ఉన్న చోటు అది. అక్కడ ఆయన పంచి చెక్కే పని నేర్చినాడు. బాస్కర్‌విల్‌ను చూడాలని ఇంగ్లండుకు బయలుదేరి, దారిలో జబ్బుపడి ఆగిపోయినాడు. 1768లో పార్మా రాజ్యాధిపతి ఫెర్డినాండ్ తన ముద్రణాలయం నడపటానికి ఆయనను పిలిపించినాడు. అప్పటినుంచి 1813లో మరణించేవరకు బొదోనీ పార్మాలోనే ఉన్నాడు.

మొదట్లో ఆయన ఫూర్నియే అక్షరాలను అనుకరించినాడు. దశాబ్దాల తరబడి ఒక్కొక్క మెట్టుగా సన్నగీతను సన్నగిల్లజేస్తూ, లావుగీతను లావు చేస్తూ దిదో వారికి సమంగా వచ్చినాడు. ఆయన పుటలో నగిషీలు ఉండవు. విశాలమైన అంచులు, పంక్తుల మధ్య ఎడం, నల్లని సిరా, తెల్లని కాగితం ఇవే అలంకారాలు. 1806లో క్రైస్తవుల ప్రార్థన ఒకటి 155 భాషలలో అచ్చువేసినాడు. 1808లో హోమర్ 'ఇలియడ్' కావ్యాన్ని గ్రీకులో మూడు సంపుటాలుగా అచ్చువేసి నెపోలియన్‌కు అంకితం చేసినాడు.

ఆయన జీవితకాలపు పంచిల నమూనాలన్నీ చేర్చిన రెండు సంపుటాల గ్రంథాన్ని ఆయన మరణానంతరం 1818లో భార్య మార్గరీతా వెలువరించినది. ఒకే అక్షరాన్ని కొద్ది కొద్ది తేడాతో ఎన్నో పరిమాణాలలో చెక్కటం ఆ గ్రంథంలో కనిపిస్తుంది. చిన్న అక్షరం పెద్ద అక్షరానికి ఉత్త తగ్గింపు కాదని, ప్రతి పరిమాణానికీ విడిగా చెక్కాలని ఆయనకు తెలుసు. ఈ మాట తరువాతి కథకు అవసరం. పార్మాలో 1963లో ఏర్పడిన బొదోనీ ప్రదర్శనశాలలో ఆ పంచిలు వేలకొద్దీ భద్రంగా ఉన్నాయి.

ఈ ముగ్గురితోనూ ఫ్రాంక్లిన్‌కు సంబంధం ఉండటం విశేషం. బాస్కర్‌విల్‌కు ఉత్తరం వ్రాసిన పాతికేళ్ళకు, పారిస్‌లో అమెరికా ప్రతినిధిగా ఉన్నప్పుడు, 1785లో తన మనుమణ్ణి పని నేర్చుకొనేందుకు దిదో దగ్గర చేర్చినాడు. 1787లో, 81వ ఏట, బొదోనీ నమూనా పుస్తకాన్ని మెచ్చుకొంటూ ఆయనకు ఉత్తరం వ్రాసినాడు.

రెండవసారి వచ్చిన ఫిర్యాదు

బాస్కర్‌విల్ మీద మోపిన నేరం అబద్ధమని ఫ్రాంక్లిన్ చూపినాడు. అదే నేరాన్ని బొదోనీ, దిదో అక్షరాల మీద మోపితే ఫలితం వేరుగా ఉండేది. ఎందుకంటే వారు గీతను కంటి శక్తికి మించి సన్నం చేసినారు. ఇది లెక్కకు అందే విషయం.

సామాన్యమైన మంచి చూపు గల కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణానికి తక్కువ ఎడం ఉన్న రెండు బిందువులను విడివిడిగా గుర్తించలేదు. పుస్తకాన్ని 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని చదివితే ఆ కోణం కాగితం మీద సుమారు 0.1 మిల్లీమీటరు అవుతుంది. 72 పాయింట్ల శీర్షికలో లావుగీత 3.2 మిల్లీమీటర్లు, సన్నగీత 0.2 మిల్లీమీటరు అనుకొందాం. రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. వాటి తేడాయే అందం. ఆ అక్షరాన్నే ఎనిమిదవ వంతుకు తగ్గించి 9 పాయింట్లలో వేస్తే లావుగీత 0.4 మిల్లీమీటరు, సన్నగీత 0.025 మిల్లీమీటరు అవుతాయి. లావుగీత ఇంకా కనిపిస్తుంది. సన్నగీత కంటి హద్దులో నాలుగవ వంతుకు పడిపోతుంది. విడిగా ఉన్న నల్లని గీతను అంతకన్న సన్నమైనా కన్ను పసికట్టగలదు గాని, చుట్టూ ఉన్న తెలుపు దానిమీదికి వ్యాపించి అది పాలిపోయిన బూడిదరంగుగా తోస్తుంది.

అప్పుడు 'ఓ' అనే గుండ్రని అక్షరం ఎదురెదురుగా నిలిచిన రెండు కుండలీకరణాలుగా కనిపిస్తుంది. 'మినిమం' అనే ఇంగ్లీషు మాటను ఆ లిపిలో వ్రాస్తే, నిలువుగీతలను కలిపే సన్నని వంపులు మాయమై, వరుసగా పాతిన కంచె గుంజలు మాత్రం మిగులుతాయి. ఒకే ఎడంతో నిలిచిన నలుపు తెలుపు చారలు కంటికి మిరుమిట్లు గొలుపుతాయి. కాబట్టి చిన్న అక్షరాలలో ఈ శైలిమీద వచ్చిన ఫిర్యాదు పుకారు కాదు.

19వ శతాబ్దంలో చవక పుస్తకాలు పెరిగి, నాసిరకం కాగితం మీద అరిగిన అక్షరాలతో అచ్చువేయటం మొదలైన తరువాత ఈ లోపం బట్టబయలైనది. లండన్‌లో రాబర్ట్ థోర్న్ వంటి పోతపనివారు లావుగీతను ఉబ్బించి ఊబకాయపు అక్షరాలు చేసినారు. అవి పుస్తకాలకు పనికిరావు. లాటరీ ప్రకటనలకు, గోడపత్రాలకు సరిగ్గా సరిపోయినవి. 1891లో సొంత ముద్రణాలయం పెట్టిన విలియం మోరిస్ బొదోనీ అక్షరాన్ని తీవ్రంగా నిందించి, 15వ శతాబ్దపు ఇటలీ అక్షరాలవైపు మళ్ళినాడు.

తగిన చోటు

20వ శతాబ్దం ఈ అక్షరానికి తగిన చోటు వెదకినది. అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ 1910 ప్రాంతంలో బొదోనీ శైలిని పునరుద్ధరించినాడు. 1934 నుంచి 1958 వరకు 'హార్పర్స్ బజార్' పత్రిక కళాదర్శకుడుగా ఉన్న అలెక్సీ బ్రొడోవిచ్, ఛాయాచిత్రాల ప్రక్కన తెల్లని ఖాళీ విరివిగా విడిచి దిదో అక్షరాలతో శీర్షికలు అమర్చినాడు. నునుపు కాగితం, పెద్ద పరిమాణం, కొద్ది మాటలు, చుట్టూ ఎడం: బొదోనీ పుటలో ఉన్న గుణాలే ఇవన్నీ.

పంచిలు పోయి ఛాయాచిత్ర పద్ధతి, తరువాత కంప్యూటరు వచ్చినప్పుడు పాత చిక్కు మళ్ళీ తలయెత్తినది. ఒకే పటాన్ని పెంచి తగ్గించి అన్ని పరిమాణాలకూ వాడటం సులభమైనది. సన్నగీత మళ్ళీ మాయం కాసాగినది. బొదోనీ ప్రతి పరిమాణానికీ వేరుగా చెక్కిన కారణాన్ని అప్పుడు అందరూ గుర్తుకు తెచ్చుకొన్నారు. 'హార్పర్స్ బజార్' కోసం జొనాథన్ హోఫ్లర్ 1991లో చేసిన దిదో శైలిలో 6 పాయింట్ల నుంచి 96 పాయింట్ల వరకు ఏడు పరిమాణాలకు ఏడు రూపాలు ఉన్నాయి. పరిమాణం మారినా కాగితం మీద సన్నగీత మందం దాదాపు ఒకటిగానే ఉంటుంది. 1994లో వెలువడిన మరొక బొదోనీ కోసం అమెరికా నుంచి ఒక బృందం పార్మా వెళ్ళి అసలు పంచిలను పరిశీలించినది. అది 6, 12, 72 పాయింట్లకు మూడు రూపాలుగా వచ్చినది.

విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఈ వంశంలోని అక్షరం ఒకటి తెలియకుండానే పరిచయం. డోనాల్డ్ నూత్ అనే అమెరికన్ కంప్యూటరు శాస్త్రజ్ఞుడు గణితగ్రంథాలు అందంగా అచ్చు కావాలని 1970ల చివర 'టెక్' అనే పద్ధతిని కనిపెట్టి, దానికోసం అక్షరాలను గణిత సమీకరణాలతో నిర్మించినాడు. వాటికి నమూనా 19వ శతాబ్దపు దిదోన్ సంప్రదాయం నుంచి వచ్చిన ఒక టైపు. ప్రపంచమంతటా లెక్కలేనన్ని గణిత పరిశోధన పత్రాలు ఆ అక్షరాలలోనే వెలువడుతున్నాయి. అందులోనూ 5 పాయింట్ల అక్షరం 10 పాయింట్ల అక్షరానికి తగ్గింపు కాదు. దాని సన్నగీత తన ఎత్తుతో పోల్చితే లావుగా, అక్షరం వెడల్పుగా ఉంటుంది. ఘాతాంకంగా వేసిన అంకె చదవటానికి వీలైనదంటే ఈ ఏర్పాటే కారణం.

తెరమీద కూడా సూత్రం ఇదే. కంప్యూటరు తెర చిన్న చుక్కల సముదాయం. అంగుళానికి 96 చుక్కలున్న తెరమీద ఒక్కొక్క చుక్క సుమారు 0.26 మిల్లీమీటరు. గీత అంతకన్న సన్నమైతే తెర దానిని నలుపుగా చూపలేక బూడిదరంగుగా చూపుతుంది. చుక్కలు చిన్నవయ్యేకొద్దీ గీత తేటపడుతుంది. గీతల కాగితానికి బదులు నేసిన జల్లెడ కాగితం వచ్చినప్పుడు జరిగినది కూడా ఇటువంటి మార్పే.

ఒక అక్షరాన్ని మంచిదనో చెడ్డదనో అనే ముందు, అది ఏ పరిమాణంలో, ఏ కాగితం మీద, ఎంత దూరం నుంచి చదవటానికి అని అడగాలి. పేరు చూచి కళ్ళు నొప్పి అన్న పెద్దమనిషి ఆ ప్రశ్న అడగలేదు. అందాన్ని చూచి పుస్తకమంతా ఆ అక్షరాలతో నింపిన 19వ శతాబ్దపు ముద్రాపకులూ అడగలేదు. అడిగి, కొలిచి, ప్రతి పరిమాణానికీ వేరు పంచి చెక్కిన బొదోనీ వంటి పనివారి వల్లనే ఆ వెంట్రుకవాసి గీత ఈనాటికీ చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నది.